జూలై పద్నాలుగు, చీమకుర్తి

మా గ్రంథాలయం గుమ్మం పక్కన ఒక నల్లబల్ల.
రోజూ ఎనిమిదింటికి
షేక్ మీరావలి దాన్ని తడిగుడ్డతో తుడిచి
మిగిలిన మూడు వేళ్ళతో సుద్దముక్క పట్టి
చరిత్ర రాస్తాడు.

ఇవాళ జూలై పద్నాలుగు.

పదిహేడొందల ఎనభై తొమ్మిది:
పారిస్ జనం బాస్తీ జైలు బద్దలుకొట్టారు.
లోపల దొరికిన ఖైదీలు ఏడుగురేనంట.
సంతరోజున మా స్టేషను అరుగుమీద
అంతకంటే ఎక్కువమందే కూచుంటారు,
పగలగొట్టడానికి తలుపైనా లేదు.

పద్దెనిమిదొందల అరవై ఏడు:
ఇంగ్లండులో ఒక దొర
రాళ్ళ క్వారీలో డైనమైటు పేల్చి చూపించాడు.
(ఆయన పేరుమీదే తర్వాత శాంతికి బహుమతి.)
ఈ ముక్క దగ్గర మాత్రం
మీరావలి సుద్ద కాస్త గట్టిగా నొక్కుతాడు.
ఆ విద్య సముద్రం దాటి మా గుంతల దాకా రావడానికి
ఎన్నేళ్ళు పట్టిందో గానీ
వాడి రెండు వేళ్ళు తీసకపోవడానికి
అర నిమిషం కూడా పట్టలేదు.
అదీ జూలైలోనే.
ఏ తారీఖని అడిగితే
"క్వారీ రిజిస్టర్లో ఆ రోజు నేను సెలవు" అంటాడు.

రెండువేల పదమూడు:
దేశంలో ఆఖరి టెలిగ్రాం.
ముందు ఏడ్చి, తర్వాత చదివించుకునే ఊరు మాది.
ఆ ఆఖరిది ఎవరికొచ్చిందో, ఎవరేడ్చారో
బల్లమీద చోటు చాల్లేదు.

రెండువేల ఇరవై మూడు, మధ్యాన్నం రెండున్నర దాటాక:
శ్రీహరికోట నుంచి చందమామకి రాకెట్టు.
అప్పుడు మా వీధి మొత్తం
బిందెల వరసలో నిలబడి ఉంది, ట్యాంకరు కోసం.
"పైన నీళ్ళున్నాయేమో చూసొస్తదంట" అన్నారెవరో.
"ఉంటే ముందు వరస నాదేనని చెప్పండి"
అంది బత్తుల రవణమ్మ, తలెత్తకుండానే.

బల్లమీద ఇంతే.
మిగతాది నాకు తెలుసు,
నేనే చెక్కాను గనక.
వల్లెపు ఏడుకొండలు, రాతిమీద అక్షరాలు,
అక్షరానికి ఇంతని లెక్క, వత్తులకి వేరే.

మా రాయి నల్లనిది, లోపల చుక్కలు చుక్కలు.
రాత్రిని పలకలుగా కోసి ఓడలెక్కిస్తాం.
బీట తగిలిన ముక్కని మాత్రం
శంకుస్థాపనలకని ఊళ్ళో ఉంచుకుంటాం.

మంచినీళ్ళ పథకానికి మొదటి రాయి
ఇదే తారీఖున వేశారు.
ఆషాఢంలో శంకుస్థాపనేందయ్యా అంటే
"నీళ్ళకి శూన్యమాసమేంది" అన్నాడు గుత్తేదారు.
ఆ మాటొక్కటే నిజమైంది.

జెండాలు మారాయి.
అదే రాయి మళ్ళీ నా షెడ్డుకొచ్చింది.
"పేర్లు అరగదియ్యి, సంవత్సరం మార్చు,
నెలా రోజూ బాగానే ఉన్నాయిగా,
మళ్ళీ చెక్కించి దండగెందుకు?"
అందుకని రెండోసారీ జూలై పద్నాలుగే.
మూడోసారీ అంతే.
రాజులూ రాకెట్లూ ఒక తారీఖున కలవడం
గ్రహాల పనని కొందరంటారు.
మా ఊళ్ళో అది గుత్తేదారు పొదుపు.

మూడోసారి నేను పేర్లని లోతుగా దించలేదు.
రెండు సాన్లు తిప్పితే పోతాయి.
రాయి కూడా పల్చబడింది,
ఎండకెదురుగా పెడితే గోరింటాకు అట్టలాగుంది.
నా అంచనాకి
ఇంకొక్క ప్రభుత్వానికి వస్తుంది.

"మన పథకాన్నీ రాయొచ్చుగా, మూడేళ్ళు ఒకే తారీఖు!"
అని మీరావలిని అడిగా.
వాడు సుద్ద విదిలించి
"ఇది జరిగినవి రాసే బల్ల అబ్బయా" అన్నాడు.

తెల్లారి పదిహేను.
కుళాయి దగ్గర గుడ్డ తడుపుదామని పోయి
గుడ్డతోనే తిరిగొచ్చాడు.
అరచేత్తో తుడిచాడు.
పారిస్ పోయింది, టెలిగ్రాం పోయింది,
క్వారీ మాత్రం సగం అట్టనే ఉంది.
దాని మీదనే రాయడం మొదలుపెట్టాడు.